పాటకు ముందు దగ్గు

మా తమ్ముడు పోయాక వాడి గురించి చాలామంది రాశారు. నిప్పు, తుఫాను, తిరుగుబాటు లాంటి మాటలు అన్నిట్లోనూ ఉన్నాయి. నేను వెతికి చదివినంతలో ఆ మాటల్లో మా వాడు నాకు కనిపించలేదు. ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో పని చేశాను. పెద్ద మాటలు ఎక్కువైన పుస్తకాన్ని ఎవరూ రెండోసారి తీసుకెళ్లరని నాకు తెలుసు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది సన్నాయి వాయించే ఇల్లు. నాన్న విజయనగరం దగ్గర ఒక గుడిలో పొద్దుటి సేవకు వాయించేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో మేళం కట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. తాళి కట్టే సమయానికి పురోహితుడు వేలు పైకెత్తి ఆడిస్తాడు. అది గట్టిమేళానికి సైగ. ఆ క్షణాన ఎవరు తుమ్మినా, ఎవరు ఏడ్చినా, ఎవరి నోట చెడ్డ మాట వచ్చినా పెళ్లివారికి వినబడకూడదు. అందుకే సన్నాయిలూ డోళ్లూ ఒక్కసారిగా చెవులు గింగురుమనేలా మోగాలి. వేలు దిగితే ఆగిపోవాలి. నాన్న జీవితమంతా ఆ వేలు చూస్తూ వాయించాడు. మేళం వాళ్లకు భోజనం ఆఖరి బంతిలో పెట్టేవారు. అప్పటికి సాధారణంగా కూరలు అయిపోయి ఉండేవి.

తమ్ముడు శ్రుతి పట్టేవాడు. అంటే పక్కన కూర్చుని ఒకే స్వరం ఊదుతూ ఉండాలి. ఒక పెళ్లిలో వాడు పీటలకు బాగా దగ్గరగా కూర్చున్నాడట. పెళ్లికూతురు తల వంచుకుని "ఒద్దు నాన్నా" అందట. రెండోసారి కూడా అందట. అప్పుడే వేలు లేచింది. మేళం మోగింది. ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా నాతో అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"మనం వాయించింది ఏటప్పా? ఆ పిల్ల నోరు మూసినాం."

వాడు మళ్లీ పెళ్లికి వెళ్లలేదు.

కొత్తవలస రైల్వే క్వార్టర్లలో ఒక గార్డు బదిలీ మీద వెళ్లిపోతూ పాత ఎలక్ట్రిక్ గిటారు వాడికిచ్చేశాడు. దానికి ఆరు తీగలుండాల్సింది, నాలుగే ఉన్నాయి. దాంతోపాటు విదేశీ కాసెట్ ఒకటి ఇచ్చాడు. అందులో ఎవరో మూడే మూడు స్వరాల మీద గొంతు పగిలేలా అరుస్తున్నారు. పాట మొత్తం రెండు నిమిషాలు. అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఎవురికేటయినాది?" అని అడిగింది. మా తమ్ముడు ఆ కాసెట్ అరిగిపోయేదాకా విన్నాడు.

మా మేనమామ కొడుకు డోలు వాయించేవాడు, నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. మా తమ్ముడి వయసే. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు, నన్ను వాడు వదినా అనేవాడు. నేనూ వాణ్ణి డోలు బావ అనేదాన్ని. గిటారూ డోలూ కలిసి ఆ ఇద్దరే మొదటి బ్యాండు. శ్రీకాకుళం కాలేజీల్లో, యూనియన్ సభల్లో, ఒకసారి ఆర్టీసీ బస్టాండు బయట వాయించారు. జనం ముందు నవ్వారు. తర్వాత తిట్టారు. తర్వాత కొంతమంది నిలబడి విన్నారు. విన్నవాళ్లలో కొందరు సొంత బ్యాండ్లు పెట్టుకున్నారు. బరంపురం నుంచి, రాయగడ నుంచి, విశాఖపట్నం నుంచి పిల్లలు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చేవారు. "అన్నా, మీది పంక్ మ్యూజిక్" అని ఒకరు చెప్పారు. ఆ మాటకు అర్థమేమిటో చూడమని నన్నడిగాడు. డిక్షనరీలో పుచ్చిపోయిన కర్ర అనీ, పనికిమాలినవాడు అనీ ఉంది. చెప్పాను.

"బాగున్నాది. నాన్న కూడా అదే అంటాడు," అన్నాడు.

అరసవల్లిలో ఒక లాడ్జి పైన గది అద్దెకు తీసుకున్నాడు. వాడి కాసెట్ కంపెనీ అంటే ఆ గదే. ఒక టేప్ రికార్డరు, రెండు మైకులు, కాసెట్ నుంచి కాసెట్‌కు ఎక్కించే యంత్రం ఒకటి. గోడలకు గోనె సంచులు కొట్టాడు కానీ ఆటోల హారన్లు లోపలికి వస్తూనే ఉండేవి. రైసుమిల్లు కలాసీలు, కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు, ఎవరూ పాడనివ్వని పిల్లల బ్యాండ్లు అక్కడ పాడారు. ఒక బడి టీచరు వచ్చి మొగుడి మీద తానే కట్టుకున్న పాట పాడి, "ఇది ఆయనకు అమ్మకండి" అని చెప్పి వెళ్లింది. మొదటి కాపీ ఆయనే కొన్నాడు.

ఆ గదికి కొన్ని పద్ధతులుండేవి. ఒక్కసారే పాడాలి. రెండోసారి లేదు. పాటలో ఏది పడితే అది ఉంటుంది. హారను పడినా, మాట పడినా, తప్పు పడినా తీయకూడదు. కాపీలు ఎక్కించుకున్నాక, మొదటి టేపు పాడినవాళ్లే ఇంటికి తీసుకెళ్లాలి. పాట వాళ్లది కాబట్టి టేపూ వాళ్లదే అనేవాడు. ఎవరి చేతా ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోలేదు. కాసెట్ డబ్బాలో పెట్టే కార్డులు నేను చేత్తో రాసేదాన్ని. ప్రతి కార్డు మీదా పాడినవాళ్ల పేరూ ఊరూ ఉండేవి. వాడి పేరు రాయనిచ్చేవాడు కాదు.

నాన్న అయిదేళ్లు ఆ గది మెట్లెక్కలేదు. ఒక మధ్యాహ్నం అరసవల్లిలో ఏదో పెళ్లి ముగించుకుని, సన్నాయి సంచీ చంకన పెట్టుకుని పైకొచ్చాడు. నేను కార్డులు రాస్తున్నాను. తమ్ముడూ డోలు బావా కొత్త పాటకు సిద్ధమవుతున్నారు.

"ఏట్రా ఇది, కుక్కలు కొట్టుకున్నట్టు? కింద వీధి దాకా వినబడతన్నాది."

"వినబడ్డానికే నాన్నా. కూకో."

"శ్రుతేదిరా దీనికి?"

"శ్రుతి లేదు. కరెంటున్నాది."

డోలు బావ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నాన్న కూర్చోలేదు, వెళ్లనూ లేదు. తమ్ముడు తల ఎత్తకుండా తీగ బిగిస్తూ, "ఈ పాట ఆఖరి బంతి గురించి," అన్నాడు. పాట పల్లవి నాకు అప్పటికే తెలుసు.

పప్పయిపోనాది, పులుసయిపోనాది,
ఆకు మిగిలినాది మాకు.

నాన్న "తిన్నది సాలక దానికో పాట కూడానా," అని సంచీలోంచి సన్నాయి తీశాడు. తమ్ముడు రికార్డరు మీట నొక్కాడు.

టేపు తిరగడం మొదలైంది. నాన్న దగ్గాడు. రెండు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు. డోలు బావ ఆపుదామా అన్నట్టు చూశాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపి పాట ఎత్తుకున్నాడు. నాన్నకు ఆ పాట తెలియదు. రెండు వరుసలు విని అందుకున్నాడు. రెండో చరణంలో సన్నాయి నోటి దగ్గరుండే రెల్లు నాలిక జారి కీచుమంది. నాన్న "ఛీ" అన్నాడు. డోలు రెండు దెబ్బలు తప్పింది. తమ్ముడు పాడుతూ పాడుతూ నవ్వాడు. నవ్వుతూనే పూర్తి చేశాడు.

"ఇంకోపాలి వాయిద్దాం," అన్నాడు నాన్న.

"రెండోసారి లేదు నాన్నా ఇక్కడ."

"తప్పొచ్చినాదిరా!"

"నీకొచ్చినాది, బావకొచ్చినాది, నాకూ వచ్చినాది. ముగ్గురికీ వస్తే ఇంక తప్పేటి?"

నాన్న తిట్టుకుంటూ సన్నాయి సంచీలో పెట్టుకున్నాడు. మొదటి టేపు ఇవ్వబోతే, "నా దగ్గు నాకెందుకురా, రోజూ ఉన్నదే," అని మెట్లు దిగిపోయాడు. ఆ టేపు మా ఇంట్లో రేకుపెట్టెలో ఉండిపోయింది. కార్డు మీద 'సన్నాయి, దగ్గు' అని రాసి పక్కన నాన్న పేరు రాయమన్నాడు తమ్ముడు. రాశాను. నలభై కాపీలు ఎక్కించాడు. అవన్నీ వెళ్లిపోయాయి. నాన్నా తమ్ముడూ మళ్లీ కలిసి వాయించలేదు. ఏడాది తిరక్కుండా నాన్న పోయాడు.

కాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, అవీ పోయి ఫోన్లు వచ్చాయి. గది ఖాళీ చేశాం. డోలు బావ హైదరాబాదు వెళ్లి సినిమాలకు, పెద్ద పెద్ద ఈవెంట్లకు సంగీతం చేసే స్థాయికి వెళ్లాడు. ఒకసారి వాడి మాట మీద ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. ఆఖరి బంతి పాట మళ్లీ విడుదల చేస్తామన్నారు. చప్పుళ్లు తీసేసి శుభ్రం చేస్తామన్నారు.

"దగ్గు తీసేస్తే మా నాన్నెక్కడుంటాడు అందులో?" అని అడిగాడు తమ్ముడు. వాళ్లకు అర్థం కాలేదు. టీ తాగి వెళ్లిపోయారు.

తర్వాత వాడికి గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. చివరి ఎనిమిది నెలలు వాడు పలక మీద రాసి మాట్లాడాడు. అది ఎలా ఉంటుందో వర్ణించను. నేను కాఫీ ఇస్తే పలక మీద 'చక్కెర' అని రాసేవాడు. అంతే.

వాడు పోయిన పదిహేనో రోజున డోలు బావ ఇంటికొచ్చాడు. నా పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాడు. అది నటన కాదు. నాకు మనుషులు బాగానే తెలుసు.

"వదినా, ఆ మొదటి టేపు ఇలగియ్యి. బూజు పట్టిపోతాది. మంచి స్టూడియోలో ఎక్కించి పదిలం సేస్తాను."

నేను ఆలోచించాను. ఆలోచించే ఇచ్చాను. ఆ పాట వాయించిన ముగ్గురిలో మిగిలింది వాడొక్కడే. మా పద్ధతి ప్రకారం టేపు వాడిది. కాగితం అడగడం మాకు అలవాటు లేదు. కాపీ తీసుకోవాలన్న ఆలోచన వచ్చింది కానీ, ఇంట్లో యంత్రం బెల్టు ఎప్పుడో తెగిపోయింది. బజారుకు తీసుకెళ్లి ఎవరిచేతైనా తీయించవచ్చు. తీయిస్తే వాణ్ణి నమ్మనట్టవుతుంది. ఒక్క మాట మాత్రం అన్నాను.

"దగ్గు తియ్యకు."

"నానెందుకు తీస్తాను వదినా. మావ దగ్గు కాదేటి అది?"

సంవత్సరీకానికి శ్రీకాకుళంలో సంస్మరణ సభ పెట్టారు. పెట్టింది డోలు బావే. చోటు ఒక కల్యాణ మంటపం. నాన్న మేళంతో వాయించిన మంటపాల లాంటిదే, ఇంకా పెద్దది. వేదిక మీద తమ్ముడి ఫోటో, దాని పక్కన కొంచెం చిన్నగా డోలు బావ ఫోటో. కుర్రాళ్ల చొక్కాల మీద తమ్ముడి ముఖం అచ్చువేసి ఉంది. వాడు జీవితంలో ఎప్పుడూ అంత కోపంగా ముఖం పెట్టలేదు.

దీపం వెలిగించాక పాట వేశారు.

దగ్గు లేదు. ముందు వయొలిన్లు మొదలయ్యాయి, చాలా వయొలిన్లు. తర్వాత సన్నాయి వచ్చింది. అది నాన్నది కాదు. ఎవరో బాగా తెలిసినాయన నున్నగా వాయించాడు, ఎక్కడా జారలేదు. డోలు తప్పలేదు. మా తమ్ముడి గొంతు మాత్రం ఉంది, నవ్విన చోట కత్తిరించి అతికారు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంది.

అక్కగారు నాలుగు మాటలు మాట్లాడతారని నన్ను పిలిచారు. నేను సభల్లో మాట్లాడిన మనిషిని కాదు. కానీ మైకు ముందు నిలబడ్డాక భయం వేయలేదు.

"ఇప్పుడు మీరు విన్నది మా తమ్ముడి పాట కాదు," అన్నాను. "ఆ పాట మా నాన్న దగ్గుతో మొదలవుతుంది. సన్నాయి మా నాన్న వాయించాడు. తప్పు వాయించాడు. ఆ తప్పు తీయొద్దని మా తమ్ముడు..."

డోలు బావ వేదిక అంచున నిలబడి ఉన్నాడు. వాడి కుడి చేయి లేచింది. చూపుడు వేలు పైకెత్తి, రెండుసార్లు ఆడించాడు. వెనకాల బల్ల దగ్గర కూర్చున్న సౌండు మనిషి దాన్ని చూశాడు. పాట మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. నా పెదవులు కదులుతున్నాయి కానీ నా మాట నాకే వినబడలేదు. ఎవరో నా భుజాల మీద శాలువా కప్పారు. ఫోటో తీశారు. ఆ ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది. 'గద్గద స్వరంతో సోదరి' అని కింద రాశారు.

భోజనాల దగ్గర డోలు బావ నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి మొదటి బంతిలో కూర్చోబెట్టాడు. ఆకు తానే వేశాడు.

"టేపేదిరా?" అన్నాను.

"కోప్పడకు వదినా. మావ సన్నాయి శ్రుతికి తగల్లేదు. కొత్త వాయిద్యాలు పెడితే పక్కకి పోతన్నాది. హైదరాబాదులో మంచాయన సేత వాయించినాం."

"టేపేది?"

"స్టూడియోవోళ్లు ఎక్కించేసుకున్నాక అదెందుకు? బూజు పట్టి ఉన్నాది. పారేసినారు."

"ఎక్కించుకున్నదైనా ఉందా, దగ్గుతో?"

"పనికొచ్చింది ఉంచినారు."

ఇంకెవరికీ వినబడకుండా నా పక్కన గొంతుకూర్చుని అన్నాడు. "ఆ రెండు దెబ్బలు తప్పినాను వదినా. ఇన్నేళ్లు నాకు సిగ్గే. ఎక్కడ ఆ కాసెట్టు ఏసినా నాను లేసి బయటికి పోయేవోడిని. బావ వినలేదు నా మాట. ఇప్పుడు సరయినాది."

వాడు నిజమే చెబుతున్నాడు. పాటను చంపాలని వాడికి లేదు. ఒక తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాడు. దొంగ దొరికితే తిట్టవచ్చు. వాణ్ణి ఏమని తిట్టను? నాన్నకు ఏ పెళ్లిలోనూ దొరకని మొదటి బంతి ఆకు ముందు నుంచి లేచి బయటికొచ్చాను.

తర్వాత నాకు ఒక్కటే పని మిగిలింది. ఆ నలభై కాపీలలో ఒక్కటైనా సంపాదించాలి. కార్డులు రాసిన చేయి నాదే కాబట్టి ఎవరెవరికి వెళ్లాయో చాలావరకు గుర్తుంది. కూర్చుని జాబితా రాసుకున్నాను. ఇంటింటికీ తిరిగాను. కొందరు పోయారు. కొందరు ఇళ్లు మారారు. ఒకచోట డబ్బా ఉంది, నా చేత్తో రాసిన కార్డూ ఉంది, లోపల కాసెట్ లేదు. పార్వతీపురం వైపు ఒక పెద్దాయన ఎంతో గౌరవంగా కాసెట్ తెచ్చి చేతిలో పెట్టాడు. వేసి చూస్తే అందులో వాళ్లమ్మాయి పెళ్లి ఉంది. పాట మీద గట్టిమేళం ఎక్కించాడు. "అప్పుట్లో ఖాళీ కాసెట్టు దొరకలేదమ్మా," అన్నాడు.

ఆఖరికి కళింగపట్నం వెళ్లాను. చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు ఆ రోజుల్లో పాడి వెళ్తుంటే, వాళ్ల టేపుతోపాటు ఈ పాట కాసెట్ కూడా తమ్ముడు ఇచ్చాడు. ఆ గుంపుకు పెద్దదానిలా ఉండే ఆమె బతికే ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"కార్డులు రాసినమ్మవి కాదేటి నువ్వు? తమ్ముడు పోనాడట గదా. సెప్పినారు."

"పోయాడమ్మా. ఆ కాసెట్ కోసం వచ్చాను. ఆఖరి బంతి పాట ఉన్నది."

ఆమె చేత్తో ఇసుక వైపు చూపించింది. ఎండుతున్న చేపల మీదుగా కర్రల మధ్య సన్నటి గోధుమరంగు రిబ్బను కట్టి ఉంది. గాలికి గరగర శబ్దం చేస్తోంది. అది కాసెట్ లోపలి టేపు. కాకులు వాలకుండా కట్టారు.

"వాయించే మిషను పాడయిపోనాది. ఊరికే పడుంటే ఎందుకని కట్టినాం. కాకులు దీనికి బయపడినట్టు దేనికీ బయపడవు. కావాలంటే తీసుకుపో తల్లీ, మేం ఇంకోటి కట్టుకుంటాం."

నేను దగ్గరికెళ్లి చూశాను. ఎండకూ ఉప్పుగాలికీ టేపు రంగు పోయి, అక్కడక్కడ పారదర్శకంగా అయిపోయింది. పట్టుకుంటే విరిగింది. అందులో ఇంక ఏమీ ఉండదు. అయినా జానెడు ముక్క తీసి పర్సులో పెట్టుకున్నాను. అది తెలివైన పని కాదు.

"పాట కోసం ఇంత దూరం వచ్చినావేటి?" అందామె. "పాటకేటి, మాకొచ్చు. ఆకు మిగిలినాది మాకు. ఆడోళ్లం, మా పాటే గదా అది. రోజూ పాడతాం." అటు తిరిగి కేకేసింది. "ఒసే, ఆఖరి బంతి ఎత్తండే. ఆ పాట కట్టినాయన అప్పొచ్చినాది."

చేపలు తిరగేస్తున్న నలుగురు ఆడవాళ్లు నడుములు నిటారు చేశారు. వాళ్లలో ఇద్దరు ఆ కాసెట్ వచ్చేనాటికి పుట్టి ఉండరు. అందరికంటే ముందున్నామె పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. రెండు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు. అప్పుడు నలుగురూ కలిసి పాట ఎత్తుకున్నారు.

పాట అయ్యాక ఆ దగ్గు ఎందుకని అడిగాను.

దగ్గినామె నా వంక వింతగా చూసింది. "పాట అలగే గదా మొదలవతాది. దగ్గకపోతే మాకు ఎత్తుకోడం రాదు." మిగతావాళ్లు నవ్వారు.

"రెండో చరణం దగ్గర సన్నాయి ఉండేది. ఎలా ఉండేదో గుర్తుందా?"

పెద్దామె మిగతావాళ్ల వైపు చూసింది.

"సన్నాయా? ఉండేదేటి?" అంది.

బస్సు సమయం అయిందని చెప్పి లేచాను. నాన్న అంతకాలం ఊదిన సన్నాయిలో ఒక్క స్వరం కూడా ఎక్కడా లేదు. వాయించిన ఇద్దరు పోయారు, మూడోవాడు అది లేకుండా చేసి ఊపిరి పీల్చుకున్నాడు. నాకు గుర్తుంది కానీ నాకు ఊదడం రాదు, ఇంట్లో ఆడపిల్లకు ఎవరూ నేర్పలేదు. నాన్న వద్దన్న దగ్గు మాత్రం మిగిలింది.